ట్రాకియాస్టమీ సంరక్షణ: నర్సులకు అనుకరణ శిక్షణ

మెడ ముందు భాగంలో శ్వాసనాళానికి రంధ్రం చేసి, అందులో గొట్టం అమర్చి ఊపిరి అందించే శస్త్రచికిత్స ట్రాకియాస్టమీ. ఆ గొట్టం ఉన్న రోగిని చూసుకునే పనులనూ, గొట్టానికి ఆపద వచ్చినప్పుడు చేయవలసిన ప్రాణరక్షణనూ నర్సులు ముందుగా బొమ్మల మీద, శరీరభాగాల నమూనాల మీద, రోగిగా నటించే మనుషుల మీద సాధన చేయడమే ఈ రంగంలో అనుకరణ శిక్షణ. ఆసుపత్రుల్లో దీన్ని సిమ్యులేషన్ అనీ, అది జరిగే గదిని స్కిల్ ల్యాబ్ అనీ వ్యవహరిస్తారు. గొట్టం మూసుకుపోవడం, జారిపోవడం లాంటి ఆపదలు రోజూ ఎదురయ్యేవి కావు. ఎదురైతే మాత్రం చేతిలో ఉండే వ్యవధి కొన్ని నిమిషాలే. ఆ నిమిషాల్లో మంచం పక్కన ఉండేది దాదాపు ఎప్పుడూ నర్సే. అరుదుగా వచ్చే ప్రమాదానికి అనుభవం మీద ఆధారపడి సిద్ధం కావడం కుదరదు కాబట్టి, ఆ అనుభవాన్ని ప్రమాదం లేకుండా కల్పించడమే ఈ శిక్షణ లక్ష్యం.

ట్రాకియాస్టమీ నేపథ్యం

గొంతు కోసి ఊపిరి ఆడించే ప్రయత్నాలు చాలా పాతవి. 1825లో ఫ్రాన్సులో పియేర్ బ్రెటోనో డిఫ్తీరియాతో ఊపిరాడని ఒక బాలికను ఈ శస్త్రచికిత్సతో బతికించాడు. 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో అమెరికా వైద్యుడు షెవాలియర్ జాక్సన్ దీనికి కచ్చితమైన పద్ధతిని నిర్దేశించాడు. ఆయన పేరుతో పిలిచే లోహపు గొట్టాన్ని మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ చూడవచ్చు. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ రోగులకు ట్రాకియాస్టమీ చేయించి, రబ్బరు సంచితో చేత్తో గాలి అందించే పద్ధతి ప్రవేశపెట్టాడు. వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. నేటి ఐసీయూలకు అదే నాంది. 1985లో పాస్క్వాలే చాలియా చర్మం గుండా సూది, తీగ పంపి రంధ్రాన్ని క్రమంగా వెడల్పు చేసే పద్ధతిని ప్రకటించాడు. దాంతో ఆపరేషన్ థియేటర్‌కు తీసుకుపోకుండా ఐసీయూ మంచం మీదే ఈ పని చేయడం సాధ్యమైంది.

ఇప్పుడు ట్రాకియాస్టమీ ఎక్కువగా చేసేది రోజుల తరబడి వెంటిలేటర్ అవసరమైన రోగులకు. తలకు దెబ్బ తగిలినవారు, పక్షవాతంతో స్పృహ తప్పినవారు, గిలియన్ బారీ సిండ్రోమ్ లాంటి నరాల జబ్బులున్నవారు, నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ఉన్నవారు ఇందులో ఉంటారు. తెలుగు రాష్ట్రాల ఐసీయూల్లో పురుగుమందు తాగిన రోగులు, రోడ్డు ప్రమాదాల్లో తలకు గాయమైనవారు దీర్ఘకాలం వెంటిలేటర్ మీద ఉండవలసి రావడం సాధారణం. వారిలో చాలామందికి గొంతు దగ్గర గొట్టం పడుతుంది. పరిస్థితి కుదుటపడ్డాక వారిని ఐసీయూ నుంచి వార్డుకు, వార్డు నుంచి ఇంటికి పంపుతారు. గొట్టం వారితోపాటే వెళుతుంది. దాని సంగతి తెలిసిన మనుషులు వెళ్లరు. సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

గొట్టం, దాని భాగాలు

సాధారణ ప్లాస్టిక్ గొట్టంలో బయటి గొట్టం, అందులోకి దూరే లోపలి గొట్టం, మెడకు ఆనే రెక్కలు, లోపలి చివర చుట్టూ ఉబ్బే కఫ్ బెలూన్, ఆ బెలూన్‌లో గాలి ఉందో లేదో తెలిపే చిన్న బయటి బుడగ, వెంటిలేటర్‌కు తగిలించే 15 మి.మీ. మూతి ఉంటాయి. గొట్టాన్ని లోపలికి దించేటప్పుడు వాడే నున్నటి మొన గల కడ్డీని ఆబ్చురేటర్ అంటారు. ప్రతి భాగానికీ దాని ప్రమాదం దానికుంది. లోపలి గొట్టం కడగకపోతే కళ్లె గట్టిపడి దారి మూసుకుంటుంది. కఫ్ బెలూన్‌లో గాలి ఎక్కువైతే శ్వాసనాళపు గోడకు రక్తం అందక పుండు పడుతుంది, తక్కువైతే లాలాజలం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మెడకు కట్టిన తాడు వదులైతే ఒక్క దగ్గుకే గొట్టం బయటికి వస్తుంది.

రంధ్రం చేసి ఎన్ని రోజులైందన్నది కూడా ప్రాణావసరమైన సమాచారం. చర్మానికీ శ్వాసనాళానికీ మధ్య దారి గట్టిపడటానికి కోత పద్ధతిలో కొద్ది రోజులు, చర్మం గుండా చేసే పద్ధతిలో వారం నుంచి 10 రోజులు పడుతుంది. ఈలోగా గొట్టం బయటికి వస్తే దారి మూసుకుపోతుంది. కంగారులో తిరిగి దించబోతే అది శ్వాసనాళంలోకి కాక కండరాల మధ్యకు పోయే ప్రమాదం ఉంది. అటువంటి తప్పుదారిలో ఉన్న గొట్టం గుండా, చేత్తో నొక్కే గాలి సంచి అయిన ఆంబూ బ్యాగ్‌తో గాలి నొక్కితే మెడ, ఛాతీ చర్మం కింద గాలి చేరి ఉబ్బుతుంది, ఊపిరితిత్తి కుంగిపోవచ్చు. పుస్తకంలో చదివితే ఇది ఒక పేరా. నమూనా మీద ఒకసారి తప్పుదారి పట్టించి చూసిన నర్సుకు, ఆ వింత బిగువు చేతికి తెలిసిపోతుంది.

శిక్షణ ఎందుకు తప్పనిసరి అయింది

ఈ విషయంలో లోకాన్ని మేల్కొలిపినది బ్రిటన్ అనుభవం. అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్థటిస్ట్స్, డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ కలిసి దేశవ్యాప్తంగా శ్వాసమార్గ ప్రమాదాలను పరిశీలించి 2011లో నాలుగో జాతీయ ఆడిట్ నివేదిక వెలువరించాయి. ఐసీయూల్లో శ్వాసమార్గానికి సంబంధించిన మరణాలకు, మెదడు దెబ్బతినడానికి అతిపెద్ద కారణం ట్రాకియాస్టమీ గొట్టం జారిపోవడమేనని అందులో తేలింది. వెంటిలేటర్ మీద ఉన్న రోగులకు, వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపే క్యాప్నోగ్రఫీ వాడకపోవడం అటువంటి ఐసీయూ మరణాల్లో 70 శాతానికి పైగా వాటికి ఒక కారణమైందని కూడా ఆ నివేదిక చెప్పింది. 2014లో రోగుల మరణాలపై జరిగిన మరో జాతీయ విచారణ ట్రాకియాస్టమీ సంరక్షణను ప్రత్యేకంగా తీసుకుని, గొట్టం మూసుకుపోయినప్పుడు, జారినప్పుడు ఏం చేయాలో ఆ రోగుల్ని చూసే సిబ్బందికి శిక్షణ ఉండాలని కోరింది.

అదే కాలంలో బ్రిటన్‌లో నేషనల్ ట్రాకియాస్టమీ సేఫ్టీ ప్రాజెక్ట్ పేరుతో వైద్యులు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, మాట చికిత్సకులు ఒక్కటయ్యారు. బ్రెండన్ మెక్‌గ్రాత్ తదితరులు 2012లో ప్రచురించిన వారి మార్గదర్శకాలు నేడు అనేక దేశాల్లో శిక్షణకు పునాది. వాటిలో, ఆపదలో ఏ వరసలో ఏం చేయాలో చూపే రెండు రంగుల పటాలు ఉన్నాయి. నోరు, ముక్కు నుంచి ఊపిరితిత్తులకు దారి ఇంకా ఉన్న రోగికి ఆకుపచ్చ పటం. క్యాన్సర్ వల్ల స్వరపేటిక పూర్తిగా తీసేసి, మెడ రంధ్రం ఒక్కటే దారిగా మిగిలిన రోగికి ఎరుపు పటం. అదే రంగు కార్డు రోగి మంచం తల వైపు వేలాడుతుంది. దాని మీద శస్త్రచికిత్స తేదీ, గొట్టం పరిమాణం, పై దారి ఉందో లేదో రాసి ఉంటుంది. స్వరపేటిక లేని రోగికి ముఖం మీద మాస్కు పెట్టి ఎంత ఆక్సిజన్ ఇచ్చినా ఒక్క బిందువు కూడా ఊపిరితిత్తులకు చేరదు. ఈ ఒక్క తేడా తెలియక ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. అందుకే ఆకుపచ్చ రోగిని, ఎర్ర రోగిని వేరుగా గుర్తించడం అనుకరణ శిక్షణలో మొదటి పాఠం.

అనుకరణ విద్య ఎలా పెరిగింది

బొమ్మతో నర్సులకు నేర్పడం వందేళ్లకు పైబడిన సంప్రదాయం. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ శిక్షణాలయం కోసం బొమ్మల తయారీదారు మార్తా జెంకిన్స్ చేజ్ నిలువెత్తు బొమ్మ చేసిచ్చింది. మిసెస్ చేజ్ అనే పేరుతో అది తరాల నర్సులకు మంచం మీది రోగిని తిప్పడం, బట్టలు తొడగడం, శుభ్రం చేయడం నేర్పింది. 1960లో నార్వేకు చెందిన ఆస్మండ్ లేర్డాల్ నోటితో ఊపిరి ఊదడం సాధన చేసే రెసస్కి యాన్ బొమ్మను తెచ్చాడు. 1960ల చివర దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్‌తో నడిచే సిమ్ వన్ బొమ్మ పుట్టింది. 1980లలో స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గాబా విమానయానం నుంచి పాఠాలు తీసుకుని, సంక్షోభంలో జట్టు ఎలా నడుచుకోవాలో అనుకరణతో నేర్పే విధానాన్ని రూపొందించాడు. చేతిపనితో పాటు మాట, నాయకత్వం, సాయం అడగడం కూడా నేర్పవలసిన నైపుణ్యాలేనన్న ఎరుక అక్కడి నుంచి బలపడింది.

నర్సింగ్ విద్యలో దీనికి గట్టి బలం 2014లో వచ్చింది. అమెరికాలోని నేషనల్ కౌన్సిల్ ఆఫ్ స్టేట్ బోర్డ్స్ ఆఫ్ నర్సింగ్ 10 నర్సింగ్ విద్యాసంస్థల్లో చేసిన అధ్యయనంలో, ఆసుపత్రి శిక్షణ గంటల్లో సగం వరకు నాణ్యమైన అనుకరణతో భర్తీ చేసినా విద్యార్థుల సామర్థ్యం తగ్గలేదని తేలింది. నాణ్యమైన అన్న మాట ఇక్కడ ముఖ్యం. తర్ఫీదు పొందిన బోధకులు, ముందే రాసుకున్న లక్ష్యాలు, తర్వాత జరిపే చర్చ ఉన్నప్పుడే ఆ ఫలితం వచ్చింది. నర్సింగ్ అనుకరణకు అంతర్జాతీయ సంఘం ఇనాక్సల్ ఉత్తమ ప్రమాణాలను 2011 నుంచి ప్రచురిస్తూ, 2021లో మరోసారి సవరించింది.

నమూనాలు, పరికరాలు

ట్రాకియాస్టమీ శిక్షణలో వాడే సాధనాలు స్థూలంగా నాలుగు రకాలు.

మొదటిది భాగ నమూనా. మెడ, ఛాతీ పై భాగం మాత్రమే ఉండే రబ్బరు లేదా సిలికోన్ బొమ్మ. కళ్లె లాగే సక్షన్, లోపలి గొట్టం మార్చడం, గాజుగుడ్డ కట్టు, తాడు మార్చడం లాంటి చేతిపనులకు ఇది చాలు. ఖర్చు తక్కువ, ఎన్నిసార్లైనా వాడవచ్చు.

రెండోది నిలువెత్తు కంప్యూటర్ బొమ్మ. ఛాతీ ఎగసిపడుతుంది, ఊపిరి శబ్దాలు వినిపిస్తాయి, మానిటర్ మీద ఆక్సిజన్ శాతం, గుండె వేగం బోధకుడు మార్చినట్టు మారతాయి. అత్యవసర సన్నివేశాలు జట్టుగా సాధన చేయడానికి దీన్ని వాడతారు.

మూడోది మనిషి, నమూనా కలిసిన పద్ధతి. రోగిగా నటించే వ్యక్తి మెడకు, ఛాతీకి తొడుగు లాంటి నమూనా ధరిస్తాడు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఇటువంటి తొడుగులో, సక్షన్ గొట్టం మరీ లోతుకు పోతే నటుడికి కంపనం తెలిసి దగ్గుతాడు. మాట్లాడలేని మనిషి కళ్లలోని భయం ఏ బొమ్మా చూపలేదు. ఆ భయాన్ని గమనించడం, కళ్లలోకి చూసి ధైర్యం చెప్పడం, పలకా బలపం ఇచ్చి రాయమనడం, అవునూ కాదూ అని వేలితో సైగ చేయమనడం నేర్పడానికి ఈ పద్ధతి సాటిలేనిది.

నాలుగోది తెర మీది అనుకరణ. కంప్యూటర్ సన్నివేశాలు, వర్చువల్ రియాలిటీ కళ్లజోళ్లు ఇందులోకి వస్తాయి. నిర్ణయాల వరస నేర్పడానికి ఇవి పనికొస్తాయి. చేతి స్పర్శను మాత్రం నేర్పలేవు.

ఖరీదైన బొమ్మ లేనంత మాత్రాన శిక్షణ ఆగనవసరం లేదు. వెంటిలేటర్ ముడతల గొట్టం ముక్కను శ్వాసనాళంగా, స్పాంజి దిమ్మెను మెడగా పెట్టి, పైన చర్మంగా రబ్బరు షీటు చుట్టి, గడువు తీరిన ట్రాకియాస్టమీ గొట్టం అమర్చుకుంటే పని జరుగుతుంది. కళ్లెకు బదులు మొక్కజొన్న పిండి జావను పలచగా, చిక్కగా రెండు రకాలుగా కాచి వాడవచ్చు. పలచనిది గొట్టం గుండా తేలికగా వస్తుంది, చిక్కనిది రాదు. ఆక్సిజన్‌కు తడి కలపడం ఎందుకు ముఖ్యమో ఆ తేడా చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. సాధన ముగిశాక నమూనాను కడిగి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది కాబట్టి ఆ బాధ్యత ఒకరికి అప్పగించాలి.

నిత్య నైపుణ్యాల సాధన

సక్షన్ వీటిలో ప్రధానం. గొట్టం గుండా సన్నని క్యాథెటర్ పంపి కళ్లె లాగే పని ఇది. క్యాథెటర్ మందం గొట్టం లోపలి వ్యాసంలో సగానికి మించకూడదు. గొట్టం పరిమాణంలోంచి 2 తీసేసి రెట్టింపు చేస్తే సరిపడే క్యాథెటర్ సంఖ్య వస్తుంది. 8వ నంబరు గొట్టానికి 12వ నంబరు క్యాథెటర్ అన్నమాట. పెద్దవారికి లాగే పీడనం సాధారణంగా 80 నుంచి 150 మి.మీ. పాదరసం మధ్య ఉంచుతారు. ముందు ఆక్సిజన్ ఎక్కువ ఇచ్చి, పీడనం లేకుండా క్యాథెటర్ లోపలికి పంపి, వెనక్కి తీసేటప్పుడే లాగాలి. మొత్తం 10 నుంచి 15 సెకన్లలో ముగియాలి. గంటలు లెక్కపెట్టి కాక, గురగుర శబ్దం, దగ్గు, ఆక్సిజన్ తగ్గడం లాంటి అవసరం కనిపించినప్పుడు సక్షన్ చేయాలి. అలవాటుగా ప్రతిసారీ సెలైన్ చుక్కలు వేయడం ఇప్పుడు సిఫారసు చేయరు. స్కిల్ ల్యాబ్‌లో బోధకుడు గడియారం పట్టుకుని నిలబడితే, 15 సెకన్లు ఎంత తొందరగా గడుస్తాయో, రోగికి అదే ఎంత దీర్ఘమో రెండూ అర్థమవుతాయి. ఆ 15 సెకన్లూ నర్సులను కూడా ఊపిరి బిగబట్టమనే బోధకులు ఉన్నారు.

రెండోది కఫ్ బెలూన్ పీడనం. ఇది 20 నుంచి 30 సెం.మీ. నీటి పీడనం మధ్య ఉండాలి. బయటి బుడగను వేళ్లతో నొక్కి అంచనా వేయడం నమ్మదగింది కాదు, దానికి ప్రత్యేక కొలమానం ఉంది. శిక్షణలో ముందు వేళ్లతో అంచనా చెప్పించి, తర్వాత కొలిచి చూపిస్తారు. అంచనా ఎంత తప్పుతుందో కళ్లెదుటే కనబడుతుంది.

మూడోది తాడు మార్చడం. ఇది ఇద్దరు చేయవలసిన పని. ఒకరు గొట్టాన్ని పట్టుకుని ఉండగా మరొకరు పాత తాడు తీసి కొత్తది కడతారు. తాడుకీ మెడకీ మధ్య ఒక వేలు పట్టేంత జాగా ఉండాలి. సిబ్బంది తక్కువైన వార్డులో ఒక్కరే ఈ పని చేయడానికి సిద్ధపడతారు. బోధకులు అదే క్షణంలో నమూనా బొమ్మ దగ్గినట్టు గొట్టాన్ని బయటికి తోసి, ఎందుకు వద్దో చూపిస్తారు.

వీటితోపాటు లోపలి గొట్టం తీసి కడిగి తిరిగి పెట్టడం, రంధ్రం చుట్టూ చర్మం శుభ్రపరచడం, గాలికి తడి, వెచ్చదనం ఇచ్చే ఫిల్టరు అమర్చడం, మాట కోసం వాడే వన్‌వే వాల్వు పెట్టడం నేర్పుతారు. ఈ వాల్వు పెట్టేముందు కఫ్ బెలూన్ గాలి పూర్తిగా తీసెయ్యాలి. లేకపోతే రోగి గాలి పీల్చుకోగలడు కానీ వదలలేడు. ప్రాణాంతకమైన ఈ పొరపాటును ప్రతి శిక్షణలోనూ ఒక సన్నివేశంగా పెట్టడం మంచిది.

మంచం పక్కన ఎప్పుడూ ఉండవలసిన సామాన్ల తనిఖీ కూడా సాధనలో భాగమే. అదే పరిమాణపు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి, ఆబ్చురేటర్, 10 మి.లీ. సిరంజి, పనిచేస్తున్న సక్షన్, తగిన క్యాథెటర్లు, ఆంబూ బ్యాగ్, ఆక్సిజన్, కత్తెర ఉండాలి. బోధకుడు వీటిలో ఒకటి తీసి దాచేసి, డ్యూటీ మారే సమయంలో నర్సు గమనిస్తుందో లేదో చూస్తాడు.

అత్యవసర సన్నివేశాలు

సన్నివేశ సాధనకు ఉదాహరణగా ఒకటి చూద్దాం. వార్డులో తలకు గాయమైన 40 ఏళ్ల రోగి. ట్రాకియాస్టమీ చేసి 12 రోజులు. రాత్రి 2 గంటలకు మానిటర్ మోగుతుంది. ఆక్సిజన్ 95 నుంచి 84కు, అక్కడి నుంచి 78కి పడుతుంది. రోగి కొట్టుకుంటున్నాడు. సన్నివేశం చేస్తున్న నర్సు ముందు సాయం కోసం కేక వేయాలి. తర్వాత నోటి దగ్గర, గొట్టం దగ్గర రెండు చోట్లా చూసి, విని, చేయి పెట్టి ఊపిరి ఉందేమో తెలుసుకోవాలి. ఆక్సిజన్ ముఖానికీ, గొట్టానికీ రెండింటికీ ఇవ్వాలి. గొట్టానికి మూతగానీ మాట వాల్వుగానీ ఉంటే తీసెయ్యాలి. లోపలి గొట్టం తీసి చూడాలి. సక్షన్ క్యాథెటర్ దిగుతుందేమో పరీక్షించాలి. దిగకపోతే కఫ్ బెలూన్ గాలి తీసి, గొట్టం పక్క నుంచి రోగి ఊపిరి తీసుకునే అవకాశం ఇవ్వాలి. అప్పటికీ తేడా లేకపోతే గొట్టమే తీసెయ్యాలి. తర్వాత నోటి మీద మాస్కుతో, మెడ రంధ్రాన్ని మూసి ఆంబూ బ్యాగ్ వాడాలి. లేదా పిల్లల మాస్కును మెడ రంధ్రం మీద ఆనించి గాలి అందించాలి.

ఈ వరసలో నర్సులకు అన్నిటికంటే కష్టమైన అడుగు గొట్టం తీసెయ్యడం. డాక్టరు పెట్టిన గొట్టాన్ని నేను తీయవచ్చా అన్న సందేహం చేతిని ఆపుతుంది. పనిచేయని గొట్టం రోగికి రక్ష కాదనీ, అదే అడ్డు కావచ్చనీ నమూనా మీద తన చేత్తో తీసి చూసినవారికి ఆ సందేహం తగ్గుతుంది. అయితే తీసే అధికారం ఎవరికి, ఏ పరిస్థితిలో ఉందో ఆసుపత్రి ముందే లిఖితపూర్వకంగా తేల్చి ఉంచాలి. ఆ నిర్ణయం చేయకుండా శిక్షణ ఒక్కటే ఇస్తే భారమంతా నర్సు మీద పడుతుంది.

డాక్టరుకు ఫోన్‌లో చెప్పే మాటను కూడా సాధన చేయిస్తారు. "సర్, 4వ బెడ్ ట్రాకియాస్టమీ పేషెంటు, 12వ రోజు. శాచురేషన్ 78కి పడింది. సక్షన్ క్యాథెటర్ దిగడం లేదు. ఇన్నర్ ట్యూబు తీశాను, కఫ్ గాలి తీశాను, మార్పు లేదు. వెంటనే రండి." పేషెంటు బాగాలేడు, ఒకసారి వస్తారా అనే మాటకూ దీనికీ ఉన్న తేడా నిమిషాల్లో కొలవవచ్చు.

ఇతర సన్నివేశాల్లో రక్తస్రావం ఒకటి. గొట్టం చుట్టూ కనబడే కొద్దిపాటి రక్తం కూడా శ్వాసనాళం ముందున్న పెద్ద ధమని తెగబోతుందనడానికి ముందస్తు హెచ్చరిక కావచ్చు. అరుదైనా, తొలి నెల రోజుల్లో ఎక్కువగా వచ్చే ఈ ఆపదలో వెంటనే పిలుపు, కఫ్ బెలూన్‌ను మరింత ఉబ్బించి ఒత్తిడి కల్పించడం నేర్పుతారు. కఫ్ ఉబ్బి ఉన్నా రోగికి హఠాత్తుగా మాట రావడం గొట్టం జారిందనడానికి సూచన. మాట వచ్చిందని సంతోషించే ఇంటివారి పాత్ర వేసి ఒకరు నర్సు ఏకాగ్రతను పరీక్షిస్తారు. పిల్లల సన్నివేశాలు వేరుగా ఉంటాయి. వారి గొట్టాలు సన్నవి, చాలావాటికి లోపలి గొట్టం ఉండదు, ఇట్టే మూసుకుపోతాయి.

డీబ్రీఫింగ్: అసలు చదువు జరిగే చోటు

సన్నివేశం 10 నిమిషాలైతే ఆ తర్వాత చర్చకు దాని రెట్టింపు సమయం కేటాయించడం మంచి పద్ధతి. దీన్నే డీబ్రీఫింగ్ అంటారు. ముందు మనసులోని ఒత్తిడి బయటపెట్టనివ్వడం, తర్వాత ఏం జరిగిందో వరసగా గుర్తు చేసుకోవడం, ఎందుకలా చేశామో విడదీయడం, రేపటి డ్యూటీకి ఏం తీసుకెళ్తామో చెప్పుకోవడం అందులోని మెట్లు. బోధకుడు తీర్పు చెప్పడు. "కఫ్ గాలి తీసేముందు మీరు కాసేపు ఆగారు. అప్పుడు మీ మనసులో ఏముంది సిస్టర్?" అని అడుగుతాడు. జవాబులో అసలు కారణం దొరుకుతుంది. తెలియకపోవడం కావచ్చు, సీనియర్ కోప్పడుతుందన్న జంకు కావచ్చు, సిరంజి ఎక్కడుందో కనబడకపోవడం కావచ్చు. మూడింటికీ మందు వేరు.

మన ఆసుపత్రుల్లో హోదా భారం ఎక్కువ. కొత్తగా చేరిన నర్సు హెడ్ నర్సు ముందు, హెడ్ నర్సు డాక్టరు ముందు నోరు విప్పడం కష్టం. స్కిల్ ల్యాబ్‌లో చేసిన తప్పు ఆ గది దాటదన్న హామీ ఇవ్వాలి. ఆ హామీ నిలబెట్టుకోవాలి. వార్షిక మార్కులకు, ఉద్యోగ నివేదికలకు దాన్ని ముడిపెడితే అందరూ నటిస్తారు, ఎవరూ నేర్చుకోరు.

అంచనా, ఆధారాలు

నేర్చుకున్నది కొలవడానికి అడుగడుగునా గుర్తుపెట్టే జాబితాలు, 1975లో రొనాల్డ్ హార్డెన్ ప్రవేశపెట్టిన ఓఎస్సీఈ పరీక్ష వాడతారు. ఓఎస్సీఈలో విద్యార్థి ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని నిర్ణీత సమయంలో చేసి చూపాలి. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలనుకునే విదేశీ నర్సులు ఇటువంటి పరీక్ష నెగ్గాలి. అక్కడికి వెళ్లే తెలుగు నర్సులకు అనుకరణ గదితో తొలి గట్టి పరిచయం చాలాసార్లు ఆ సన్నాహంలోనే జరుగుతోంది.

శిక్షణ ఫలితాలను డొనాల్డ్ కర్క్‌ప్యాట్రిక్ చెప్పిన నాలుగు మెట్లలో చూడటం ఆనవాయితీ. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, రోగికి మేలు జరిగిందా అన్నవి ఆ మెట్లు. ట్రాకియాస్టమీ అనుకరణపై వచ్చిన అధ్యయనాల్లో మొదటి రెండు మెట్లకు బలమైన సాక్ష్యం ఉంది. తెలివిడి, చేతి నైపుణ్యం, ఆత్మవిశ్వాసం పెరుగుతున్నాయి. పై మెట్లకు ఆధారాలు తక్కువ. చాలా అధ్యయనాలు చిన్నవి, ఒకే ఆసుపత్రికి పరిమితమైనవి, నర్సు తనకు తాను వేసుకున్న మార్కుల మీద ఆధారపడ్డవి. ఆత్మవిశ్వాసం పెరగడమూ సామర్థ్యం పెరగడమూ ఒకటి కావు. నేర్చిన నైపుణ్యం నెలలు గడిచేకొద్దీ తరిగిపోతుందన్నది కూడా అనుకరణ విద్యలో పదేపదే తేలిన సంగతి. కాబట్టి ఏడాదికొకసారి రోజంతా జరిపే తరగతి కంటే, కొన్ని నెలలకొకసారి అరగంట సాధన మేలు.

రోగికి మేలు జరిగిందన్న గట్టి సాక్ష్యం శిక్షణను ఇతర మార్పులతో కలిపినచోట కనబడింది. బ్రిటన్‌లో 20 ఆసుపత్రులు సిబ్బంది శిక్షణ, జట్టు రౌండ్లు, మంచం కార్డులు, రోగులను, వారి కుటుంబాలను కలుపుకుపోవడం వంటి మార్పులను ఒకేసారి అమలు చేశాయి. 2020లో వెలువడిన ఫలితాల్లో ప్రమాదాల తీవ్రత, ఆసుపత్రిలో గడిపే రోజులు తగ్గాయి. అందులో శిక్షణ వాటా ఎంతో విడదీయలేం. శిక్షణ లేకుండా మిగతావి నడవవని మాత్రం చెప్పవచ్చు.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాల్లో

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళిక సెమిస్టర్ పద్ధతిని, సామర్థ్య ఆధారిత బోధనను తెచ్చి, అనుకరణకు పాఠ్యాంశాల్లో చోటిచ్చింది. గురుగ్రామ్‌లోని ఎస్‌జీటీ విశ్వవిద్యాలయంలో జాతీయ రెఫరెన్స్ సిమ్యులేషన్ కేంద్రం నర్సింగ్ అధ్యాపకులకు తర్ఫీదునిస్తోంది. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సు కూడా కౌన్సిల్ రూపకల్పనే. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో నర్సింగ్ డిగ్రీలు నడుస్తున్నాయి. ఈ ప్రణాళిక కాగితం దాటి మంచం దాకా రావడం ఆ కళాశాలల స్కిల్ ల్యాబుల మీద ఆధారపడి ఉంది. పెట్టెలోంచి తీయని బొమ్మ ఎంత ఖరీదైనదైనా ఎవరికీ ఏమీ నేర్పదు. అంతకంటే ముందు కావలసింది సన్నివేశం రాసి, నడిపి, చర్చ చేయగల అధ్యాపకులు.

మన దగ్గర శిక్షణకు రెండు ప్రత్యేక అవసరాలు ఉన్నాయి. మొదటిది భాష. పటాలు ఇంగ్లిషులో ఉంటాయి, వార్డులో మాట తెలుగులో జరుగుతుంది. పిలుపు, ఆదేశం, జవాబు అన్నీ వార్డులో నిజంగా పలికే మాటల్లోనే సాధన చేయాలి. మంచం కార్డు మీద తెలుగు కూడా ఉంటే రాత్రిపూట అటెండరు, ఆయమ్మ సైతం ఆ రోగికి ఆక్సిజన్ ఎక్కడ పెట్టాలో గుర్తిస్తారు.

రెండోది ఇంటి సంరక్షణ. గొట్టంతో ఇంటికి వెళ్లే రోగిని చూసేది భార్యో, కొడుకో, కోడలో. వారికి డిశ్చార్జి రోజున హడావిడిగా చెప్పే నాలుగు మాటలు చాలవు. నర్సు దగ్గర నేర్చుకుని, నమూనా మీద పలుమార్లు చేసి, చివరికి నర్సు ఎదుట రోగికే చేసి చూపించాక ఇంటికి పంపాలి. ఇంట్లో కరెంటు పోతే సక్షన్ మెషిన్‌కు బదులు ఏం చేయాలి, గొట్టం ఊడిపోతే 108కి ఏమని చెప్పాలి, స్నానం చేయించేటప్పుడు నీళ్లు లోపలికి పోకుండా ఎలా చూడాలి, పొలం దుమ్ము, పొయ్యి పొగ తగలకుండా తడి గుడ్డ ఎలా కట్టాలి వంటివి కూడా సన్నివేశాలుగా మారాలి. ఇలా నేర్పగలగాలంటే నర్సు ముందు తాను బాగా నేర్చి ఉండాలి. కాబట్టి నర్సుకు ఇచ్చే శిక్షణ ఆమెతో ఆగదు.

పరిమితులు, కనీస ఏర్పాటు

అనుకరణ ఆసుపత్రి అనుభవానికి ప్రత్యామ్నాయం కాదు. బొమ్మకు చెమట పట్టదు, దాని చర్మం వాయదు, దాని కుటుంబం బయట ఏడవదు. సిబ్బంది కొరత ఉన్నచోట శిక్షణకు మనుషులను వదలడం కష్టం. నలుగురు చేసే పని ఇద్దరితో నడిపిస్తున్న వార్డులో, ఎంత శిక్షణ పొందిన నర్సైనా మోగిన అలారం దగ్గరకు సమయానికి చేరలేకపోవచ్చు. శిక్షణను సిబ్బంది కొరతకు ముసుగుగా వాడకూడదు.

అయినా ఒక జిల్లా ఆసుపత్రికి కావలసిన కనీస ఏర్పాటు పెద్దదేమీ కాదు. ఒక మెడ నమూనా, వాడేసిన గొట్టాలు కొన్ని, కఫ్ పీడనం కొలిచే సాధనం, గోడ మీద ఆకుపచ్చ, ఎరుపు పటాలు, సన్నివేశం నడపగల ఇద్దరు నర్సులు, మూడు నెలలకొకసారి డ్యూటీలో భాగంగా లెక్కించే అరగంట. ఐసీయూ నర్సులతో పాటు జనరల్ వార్డు, చెవి ముక్కు గొంతు వార్డు, క్యాజువాలిటీ, అంబులెన్స్ సిబ్బంది కూడా అందులో పాల్గొనాలి. గొట్టం ఉన్న రోగి వీరందరి చేతుల మీదుగా వెళతాడు. వారిలో ఒక్కరికి తెలియకపోయినా, మిగతావారి నేర్పు ఆ రోగిని కాపాడలేదు.